నిమ్మకాయలు తొక్కించాం సరే... పాలసీ మాటేమిటి?

మా అన్నవరంలో పిల్లల బారసాలైనా వాయిదా పడుతుందేమో గాని, కొన్న బండికి పూజ వాయిదా పడదు. తుని నుంచీ, కాకినాడ నుంచీ, రాజమండ్రి నుంచీ కొత్త కార్లు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు కొండ కింద తొలిపావంచా దగ్గరకొచ్చి వరసగా నిలబడతాయి. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, కుంకుమ బొట్లు, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. బండి జానెడు ముందుకి కదులుతుంది. నిమ్మకాయలు చితుకుతాయి. కొబ్బరికాయ కొడతాం. సత్యదేవుడి ప్రసాదం నోట్లో వేసుకుని ఇంటికెళ్ళిపోతాం.

ఇంత శ్రద్ధగా చేస్తాం కదా... ఆ కారు డాష్‌బోర్డు అరలో ఒక కాగితం ఉంటుంది. దాన్ని మనలో ఎంతమందిమి చదివాం? చెప్పొద్దూ, నేను చదవలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. చక్రవడ్డీలో ఒక్క రూపాయి తేడా వస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని. మా ఇంటి బండి పాలసీ మాత్రం 'అది మగాళ్ళ వ్యవహారం' అని ఇరవై ఏళ్ళు వదిలేశాను. ఆ వదిలెయ్యడం ఎంత దాకా తెచ్చిందో మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. "అబ్బో, కలిగినవాళ్ళే" అనుకోకండి. ఒకటి రోజూ తిరిగేది. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18కి తగ్గాక, నా జీతం మీద అప్పు తీసుకుని నా పేరునే కొన్న బుల్లి కారు. మా వారు రోజూ తుని వెళ్ళొచ్చేది అందులోనే. రెండోది మామయ్యగారి ఫియట్. కాగితాల్లో దాని పేరు ప్రీమియర్ పద్మిని, 1979 మోడలు. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది చూశారూ, ఆ బండి.

మామయ్యగారు ఈ చుట్టుపక్కల ఊళ్ళకి డాక్టరు. మన రాష్ట్రంలో 108 బండ్లు వచ్చింది 2005లో. అంతకుముందు పాతికేళ్ళ పాటు, మా వైపు ఎవరికి పురుడు కష్టమైనా అర్ధరాత్రి కాకినాడ పెద్దాసుపత్రికి పరుగెత్తింది ఈ ఫియటే. దారిలో వెనక సీట్లోనే పుట్టిన పిల్లలు ఇద్దరున్నారని అత్తయ్యగారు చెబుతారు. అందులో ఒకడు ఇప్పుడు లారీ ఓనరు. ఎదురుపడితే నాకు కాదు, బండికి దణ్ణం పెడతాడు!

2024 మేలో మామయ్యగారు పోయారు. ఆ ఏడాది మొదట్లోనే ఆర్.సి. రెన్యువల్ తానే దగ్గరుండి చేయించుకున్నారు. 2029 దాకా చెల్లుతుంది. ఆయన పోయాక బండి రేకుల షెడ్డులో ఉండిపోయింది. ఆదివారం ఆదివారం మా వారు స్టార్ట్ చేసి, వీధి చివరిదాకా పోనిచ్చి తీసుకొచ్చేవారు. "తుక్కు కింద ఇచ్చేద్దాం వదినా" అని మరిది ఫోన్లో రెండుసార్లు అన్నాడు. అత్తయ్యగారు వినీ విననట్టు ఊరుకున్నారు.

ఇక అసలు సంగతి. 2025 కార్తీకమాసంలో కొత్త కారుకి పూజ. "దాన్ని కూడా తీసుకురండర్రా. కొత్త కోడలొచ్చిందని పాత కోడలికి చీర పెట్టడం మానేస్తామా?" అన్నారు అత్తయ్యగారు. సరేనని ఫియటునీ తీసుకెళ్ళాం. కార్తీకమాసం జనం ఎలా ఉంటారో మీకు తెలుసు. మా వారు ఫియటుని వాలులో ఆపి, హ్యాండు బ్రేకు లాగి దిగారు. ఆ బ్రేకు పట్టలేదు. బండి దానంతటది నాలుగడుగులు వెనక్కి జారి, కొబ్బరికాయల బుట్ట ముందు కూచున్న ఒక పెద్దావిడని తోసేసింది. ఆవిడ చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది.

ఆవిడ మంచిది. గొడవ చెయ్యలేదు. "పోన్లెండి అమ్మా, తల పగల్లేదు" అంది. ఆసుపత్రి, కట్టు, మందులు, ఆరు వారాల బేరం... అన్నీ మేమే పెట్టుకున్నాం, పెట్టుకోవాలి కూడా. ఆ రాత్రి నిద్ర పట్టక, టార్చి పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి డాష్‌బోర్డు అర తీశాను. పాలసీ అయిపోయి పదకొండు నెలలయింది. అదీ, పోయినాయన పేరు మీద!

అంటే ఆ పెద్దావిడ తలే పగిలి ఉంటే? మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా బండి రోడ్డెక్కకూడదు. లేని బండి దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. నడిపినవాళ్ళకే కాదు, నడపనిచ్చినవాళ్ళకీ. జరిమానా సంగతి అలా ఉంచండి. మనిషికి ఎముక విరిగే దెబ్బ తగిలితే, తప్పెవరిదో తేల్చే పని లేకుండానే రెండున్నర లక్షలు, ప్రాణం పోతే అయిదు లక్షలు ఇవ్వాలని చట్టంలో ఉంది. తప్పు రుజువు చేసి ట్రిబ్యునల్‌కి వెళితే ఇంకా ఎంతైనా కావచ్చు, దానికి పరిమితి లేదు. పాలసీ ఉంటే అది కంపెనీ కడుతుంది. లేకపోతే మన ఇల్లు, మన బంగారం, మన జీతం. దెబ్బతిన్న మనిషికి మన చేతిలో ఎంతుంటే అంతే దొరుకుతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ చివరి మాటే. కొబ్బరికాయలమ్ముకునే మనిషి మన గుమ్మం ముందు నిలబడి మన దయ కోసం చూడాలా?

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి కాగితాలు ముందేసుక్కూచున్నాను. అప్పటిదాకా తెలియనివి ఎన్ని తెలిశాయో!

మొట్టమొదటిది, ఇంటి యజమాని పోయినప్పుడు మనం చెయ్యాల్సింది. బ్యాంకు పుస్తకం, పొలం పాసుపుస్తకం, గ్యాసు కనెక్షను... ఇవన్నీ పేరు మార్పిస్తాం. బండి గుర్తుకురాదు. పాలసీదారు పోతే ఆ పాలసీ మూడు నెలలు, లేదా దాని గడువు తీరేదాకా, ఏది ముందైతే అంతవరకే బతికుంటుంది. ఆలోగా వారసుల పేరుకి మార్పించుకోవాలి. ఆర్.సి. మార్పుకి కూడా మూడు నెలల్లోపే ఫారం 31 పెట్టుకోవాలి. మేం ఏదీ చెయ్యలేదు.

రెండోది మరీ మనసు చివుక్కుమనిపించింది. క్లెయిమ్ చెయ్యకుండా ఏళ్ళు గడిచేకొద్దీ నో క్లెయిమ్ బోనస్ అని తగ్గింపు ఇస్తారు. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై అయిదేళ్ళకి 50 శాతం దాకా పెరుగుతుంది. ఇది బండిది కాదు, మనిషిది. కారు అమ్మేసినా మనతో వస్తుంది. మనిషి పోతే, బండి భార్యకో పిల్లలకో చేరితే, వాళ్ళకి సంక్రమిస్తుంది. మామయ్యగారు ఏళ్ళ తరబడి ఒక్క క్లెయిమ్ పెట్టలేదు. పూర్తి 50 శాతం ఉంది ఆయనకి. పాలసీ అయిపోయాక 90 రోజులు దాటితే అది పోతుంది. మేం పదకొండు నెలలు దాటించాం. ఆయన మాకు వదిలివెళ్ళిన ఆస్తి అది కూడా అని ఎవరమూ అనుకోలేదు.

తర్వాత ఎవరి పేరున మార్చాలన్న చర్చ. మా వారు తన పేరునే అన్నారు. అత్తయ్యగారు "నాకు లైసెన్సా పాడా, నాకెందుకు" అన్నారు. నేను ఒక లెక్క చెప్పాను. బండి నడిపే ఓనరుకి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండి తీరాలి. ఒకే మనిషికి ఎన్ని బండ్లున్నా అది ఒక్కటి చాలు. 2019 నుంచి ఇలాగే ఉంది. కొత్త కారు ఎలాగూ నా పేరునే ఉంది, నాకు లైసెన్సుంది. పాతదీ నా పేరునే ఉంటే రెండోసారి కట్టక్కర్లేదు. ఏజెంట్లు చాలామంది అడక్కపోతే రెండు పాలసీల్లోనూ వేసేస్తారు, చూసుకోండి. అత్తయ్యగారు నవ్వి "రాయించుకో అమ్మాయ్" అన్నారు. మరిదీ ఆడపడుచూ సంతకాలు పెట్టారు. మరిది పెట్టేముందు "వదినా, దీనికి పెట్టే డబ్బుతో..." అని మొదలెట్టాడుగాని, వాళ్ళమ్మ మొహం చూసి ఆపేశాడు.

ఇప్పుడు ఏజెంటు. కుర్రాడు మంచివాడే. రెండు బండ్లకీ 'ఫుల్లు ఇన్సూరెన్సు' అని ఒక అంకె చెప్పాడు. నాకు గుండె గుభేలుమంది. "విడదీసి చెప్పు బాబూ" అన్నాను. అదే మనం నేర్చుకోవాల్సిన ఒకే ఒక్క మాట అనుకుంటాను. ఏ పాలసీ అయినా రెండు ముక్కలు. ఒకటి మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టం, అంటే థర్డ్ పార్టీ. దీని రేటు ప్రభుత్వం కట్టింది. ఏ కంపెనీకి వెళ్ళినా ఒకటే, బేరం లేదు. రెండోది మన బండికి జరిగే నష్టం. దీని మీద కంపెనీ కంపెనీకీ తేడా ఉంటుంది, బేరం ఉంది. 2019 నుంచి ఈ రెండు ముక్కలనీ వేర్వేరు కంపెనీల దగ్గర కొనుక్కోవచ్చు కూడా.

థర్డ్ పార్టీ రేటు చూస్తే లెక్కల టీచరుకి కోపం వచ్చింది. 2022 జూన్ నుంచి అమలైన పట్టీలో వెయ్యి సి.సి. లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు. వెయ్యి దాటి 1,500 దాకా 3,416. ఆ పైన 7,897. మీద జి.ఎస్.టి. 18 శాతం. మా కొత్త కారు 998 సి.సి. మామయ్యగారి ఫియట్ 1,089. అంటే రోజూ జాతీయ రహదారి మీద లారీల మధ్య తిరిగే బండికి తక్కువ, ఏడాదికి నాలుగుసార్లు కొండ కింద దాకా వెళ్ళొచ్చే బండికి ఎక్కువ! ఇదేం న్యాయం? (కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు, అది వేరే సంగతి.)

ఇక మన బండి విలువ. పాలసీ భాషలో దీన్ని ఐ.డి.వి. అంటారు. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చేది అంతే. కొత్త బండికి దీనికో పట్టీ ఉంది. ఆరు నెలల్లోపు 5 శాతం తగ్గింపుతో మొదలై అయిదో ఏడు నిండేసరికి సగానికొస్తుంది. మరి అయిదేళ్ళు దాటాక? ఇక్కడే ఉంది కిటుకు. అయిదేళ్ళు దాటిన బండి విలువని కంపెనీ, మనమూ మాట్లాడుకుని ఒప్పుకోవాలని నియమంలోనే ఉంది. కుర్రాడి ఫోను మాత్రం మా ఫియటు విలువ 30,000 అని చూపించింది. "అంతేనండి, సిస్టమ్ అంతే తీసుకుంటుందండి" అన్నాడు.

అంతే ఎందుకవుతుంది? నాలుగేళ్ళ క్రితం ఇంజను విప్పి కట్టించడానికీ, అడుగు రేకు మార్చి రంగు వేయించడానికీ మామయ్యగారు పెట్టిందే లక్షా ఇరవై వేలు. ఆయన డాక్టరు కదా, బిల్లులన్నీ రోగుల చీటీల్లాగ తేదీల వారీగా గుచ్చి పెట్టారు. ఆ బిల్లులూ, నాలుగు వైపులా తీసిన ఫోటోలూ ఇచ్చి, "కంపెనీ నుంచి మనిషిని పంపించి చూడమనండి" అన్నాను. మూడుసార్లు ఫోను చెయ్యాల్సి వచ్చింది. చివరికి ఒకాయన వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, చాలాసేపు చూశాడు. "మా నాన్నకి ఇలాంటిదే ఉండేదండి" అన్నాడు. విలువ లక్షా నలభై వేలకి ఒప్పుకున్నారు.

తక్కువ విలువ వేస్తే ప్రీమియం తగ్గుతుంది కదా, మంచిదే కదా అనుకునేవాళ్ళకి ఒక లెక్క. మరమ్మతు ఖర్చు బండి విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టం కింద తీసుకుంటారు. 30,000 విలువ వేసిన బండికి 22,500 దాటిన ఏ దెబ్బైనా పూర్తి నష్టమే. పైకప్పు సొట్ట తీయించి రంగు వేయిస్తేనే అంతవుతుంది. అప్పుడు మన చేతిలో 30,000 పెడతారు. బండి తుక్కు.

"పాత బండికి ఎలాగూ తిప్పరు కదండి, థర్డ్ పార్టీకి తోడు మంటలూ దొంగతనం మాత్రం తీసుకోండి, చవగ్గా పోతుంది" అన్నాడు కుర్రాడు. బాగానే ఉంది అనుకున్నాను. అప్పుడు తలెత్తి చూశాను. మా షెడ్డు మీదకి వంగి రెండు కొబ్బరిచెట్లు. గోదావరి జిల్లాల్లో కారు దొంగ కంటే కొబ్బరిచెట్టు ప్రమాదం! 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళం మనం. కోనసీమలో తోటలకి తోటలే నేలమట్టమయ్యాయి. 2014లో హుద్‌హుద్ విశాఖలో ఏం చేసిందో తెలుసు. మంటలూ దొంగతనం పాలసీలో తుపాను ఉండదు. వరద ఉండదు. ఆ రెండూ పూర్తి పాలసీలోనే ఉంటాయి. కాబట్టి పూర్తిదే తీసుకున్నాను.

మరి డబ్బు ఎక్కడ మిగిల్చాను? పదేళ్ళు దాటిన బండికి ఇనుప భాగాల ఖరీదులో కూడా సగమే ఇస్తారు. ఆ తరుగుదల లేకుండా ఇచ్చే అదనపు కవరు ఇంత పాత బండికి ఇవ్వరు. అంటే చిన్న చిన్న సొట్టలకి క్లెయిమ్ పెట్టి మనం బాగుపడేది లేదు. అందుకని 'మొదటి 5,000 నష్టం మేమే భరిస్తాం' అని రాసిచ్చాను. దానివల్ల ప్రీమియం తగ్గింది. మనకి కావలసింది పెద్ద కష్టంలో ఆదుకోవడం, అద్దం పగిలితే అర్జీ పెట్టుకోవడం కాదు. మొత్తం మీద ఫియటుకి అన్నీ కలిపి ఏడాదికి ఎనిమిది వేల చిల్లర అయింది. నెలకి ఏడొందల లోపు. మామయ్యగారి బోనస్ నిలబెట్టుకుని ఉంటే ఇంకో రెండు వేలు తగ్గేది.

కొత్త కారుకి మాత్రం పిసినారితనం చెయ్యలేదు. తరుగుదల లేని కవరు, ఇంజను రక్షణ కవరు రెండూ తీసుకున్నాను. ఈ రెండోది మన డెల్టా వాళ్ళకి చాలా అవసరం. వాన నీళ్ళలో నిలిచిపోయిన బండిని మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీళ్ళు లాగి పాడవుతుంది. మామూలు పాలసీ ఆ నష్టాన్ని ఇవ్వదు. కవరున్నా లేకపోయినా, నీళ్ళలో ఆగిన బండి తాళం తిప్పకండి. తోయించుకుని ఒడ్డుకి చేర్చండి.

2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఒక మంచి పని చేసింది. ఒకే మనిషి పేరున ఉన్న బండ్లన్నిటికీ కలిపి ఒకే ఫ్లోటర్ పాలసీ, తిరిగిన కిలోమీటర్లని బట్టి ప్రీమియం... ఇలాంటివి సొంత బండి నష్టం వరకూ ఇవ్వొచ్చని కంపెనీలకి అనుమతిచ్చింది. మా కుర్రాడికి ఆ మాటే తెలియదు. కనుక్కుని, నలభై ఆరేళ్ళ బండిని అందులో కలపరని చెప్పాడు. మీ ఇంట్లో రెండూ కాస్త కొత్త బండ్లయితే అడిగి చూడండి. ఆరోగ్య బీమాలో కుటుంబమంతా ఒక పాలసీలో ఉంటున్నాం కదా, బండ్లు ఎందుకుండకూడదు?

ఇక్కడ నాకు ఒక పెద్ద అభ్యంతరం ఉంది. ప్రభుత్వం పాత బండ్లని అసలు పట్టించుకోలేదని అనను. 2021 జులైలో వింటేజి బండ్లకి ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లకీ, మోటారు సైకిళ్ళకీ 'వి.ఎ.' అక్షరాలతో వేరే నెంబరు ఇస్తారు. పదేళ్ళకి రిజిస్ట్రేషన్ రుసుము 20,000. అలా నమోదైన కార్లకి థర్డ్ పార్టీ ప్రీమియం సగమే. బాగుంది. కాని మా ఫియటుకి యాభై నిండేది 2029లో. ముప్ఫై, నలభై ఏళ్ళ బండ్ల సంగతేమిటి? అటు కొత్తవీ కావు, ఇటు వింటేజీ కావు. మామూలు రెన్యువల్ రుసుము కార్లకి 2022లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 10,000 చేశారు. అదీ అయిదేళ్ళకే.

2029లో ఏం చెయ్యాలో కూడా నేను లెక్క కట్టి పెట్టాను. వింటేజి చేయిస్తే పదేళ్ళకి 20,000. మామూలుగా రెన్యువల్ చేయిస్తే అయిదేళ్ళకొకసారి పదివేల చొప్పున అదే 20,000. థర్డ్ పార్టీ మీద ఏడాదికి 1,708 మిగులుతుంది కాబట్టి కాగితం మీద వింటేజే లాభం. కాని వింటేజి నెంబరు పడ్డ బండిని ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు పోయించడానికీ, మరమ్మతులకీ తప్ప మామూలు అవసరాలకి రోడ్డెక్కించకూడదు. అంటే అత్తయ్యగారిని కొండ కిందకి తీసుకెళ్ళడానికి లేదు! చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది, మీరూ చూసే ఉంటారు. దానికి ఆ నియమం సరిపోతుంది. డాక్టరుగారి ఫియటుకి సరిపోదు. మన చిన్న ఊళ్ళ వాకిళ్ళలో ఉన్నవి ఫియట్లు, అంబాసిడర్లు, జీపులు. అవి కొనుక్కున్నవాళ్ళు సరదాకి కొనలేదు, సంసారంతో పాటు కొన్నారు.

బయట దేశాల్లో దీనికి దారి కనుక్కున్నారు. జర్మనీలో 30 ఏళ్ళు నిండి, అసలు రూపంలో బాగా ఉన్న బండికి నెంబరు చివర 'హెచ్' అక్షరం ఇస్తారు. పన్ను వేరు. ఇంగ్లండులో 40 ఏళ్ళు దాటితే రోడ్డు పన్ను లేదు. అక్కడ పాత కార్ల బీమా ఇచ్చే కంపెనీలు ముందే విలువ ఒప్పుకుంటాయి. 'ఏడాదికి ఇన్ని మైళ్ళే తిరుగుతాను, రోజూ వాడుకోడానికి నాకు వేరే కారుంది' అని చూపిస్తే ప్రీమియం తగ్గిస్తాయి. అదే కదా న్యాయం! ఒక మనిషి ఒకేసారి రెండు కార్లు నడపదు. నేను కొత్తదాంట్లో ఉంటే పాతది షెడ్డులో ఉంటుంది. కిలోమీటర్లని బట్టి తగ్గింపు మన దగ్గర సొంత నష్టానికే ఒప్పుకున్నారు. థర్డ్ పార్టీకి కూడా ఎందుకు ఒప్పుకోరు? ముప్ఫై ఏళ్ళు దాటి, మీటరు ప్రకారం ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు మించని బండికి తగ్గించమంటే ఖజానా కూలిపోదు. తగ్గిస్తే నాలాగ పాలసీ మానేసి తిప్పేవాళ్ళు తగ్గుతారు. కొబ్బరికాయల బుట్ట ముందు కూచున్నవాళ్ళకి అది రక్షణ.

"పాత బండ్లు పొగ, ప్రమాదం, తుక్కే దారి" అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాట పూర్తిగా తోసెయ్యను. మా ఫియటుకి ఎయిర్ బ్యాగులు లేవు. పిల్లల్ని అందులో హైవే మీదకి పంపను. బ్రేకుల సంగతి మాకు బాగానే తెలిసొచ్చింది. బాగుచేయించకుండా ఉంచుకోవడం తప్పే. కాని బాగుచేయించి, కాగితాలన్నీ పెట్టుకుని, నెమ్మదిగా ఊళ్ళో నడుపుకునేవాళ్ళని తప్పుచేసినవాళ్ళలా చూడటం ఎందుకు? ముంబయిలో 2023 అక్టోబరులో చివరి పద్మిని టాక్సీ రోడ్డు దిగినప్పుడు జనం ఎంత బాధపడ్డారో చదివాం. అలా బాధపడేకంటే, ఉన్నదాన్ని ఉంచుకునేవాళ్ళకి కాస్త వెసులుబాటు ఇవ్వొచ్చు.

మనలో మనకి ఇంకో మాట. ఈ నెల రోజుల్లో కనీసం పదిమంది స్నేహితురాళ్ళని అడిగాను, "మీ కారు పాలసీ ఎప్పుడు అయిపోతుంది?" అని. ఇద్దరు చెప్పగలిగారు. మిగతావాళ్ళు "ఆయన్నడగాలి" అన్నారు. ఒకావిడ, పాపం, ఆయన పోయి రెండేళ్ళయింది, "మా బావగారిని అడగాలి" అంది. ఆవిడ స్కూటరు మీద రోజూ కూతుర్ని కాలేజీకి దింపుతుంది! సాయంత్రం వాళ్ళింటికెళ్ళి కాగితాలు తీశాం. స్కూటరు ఇంకా ఆయన పేరునే ఉంది. పాలసీ ఎనిమిది నెలల క్రితం అయిపోయింది. మర్నాడే థర్డ్ పార్టీ సంగతి చూశాం, ఫారం 31 నింపాం.

మా పాలసీలు ఇప్పుడు డాష్‌బోర్డు అరలో ఒకటి, నా బీరువాలో ఒకటి. గడువు తేదీలు వంటింటి క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రాసి ఉన్నాయి. దానికి నెల ముందు తేదీకి కూడా ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

మొన్న మాఘమాసంలో అత్తయ్యగారు వ్రతం చేయించుకుంటానంటే ఫియటులోనే తీసుకెళ్ళాం. కొత్త బ్రేకు తీగ, కొత్త ఆర్.సి., కొత్త పాలసీ. కొండ కింద ఆవిడ అదే చోట కూచుని ఉంది. చెయ్యి బాగానే ఆడుతోంది. కొబ్బరికాయ తీసుకుంటుంటే బండి వైపు చూసి నవ్వింది.

"చక్రం కింద రాయి పెట్టారా అమ్మా?"

మా వారు పరుగెత్తుకెళ్ళి పెట్టొచ్చారు.